స్వయంపాక విడిది గృహము: ఆదాయ మెట్లు, అపాయ మెక్కడ

పూర్వము బాటసారి ఊరు చేరునప్పటికి ప్రొద్దు క్రుంకినచో సత్రమునకు పోయెడివాడు. సత్రమును చూచువాడు అతనికొక గది చూపి, బిందె, చేద, నాలుగు కట్టెలు ఇచ్చెడివాడు. బాటసారి అంగడిలో బియ్యము, పప్పు, కూరలు కొనితెచ్చుకొని తానే వండుకొని తినెడివాడు. కొన్నిచోట్ల ధర్మాత్ములు వంటకు వలసిన సరకులనే ఉచితముగ నిచ్చెడివారు. ఆ సరకులకే స్వయంపాకమని పేరు. 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో, ఏ మజిలీయందు దిగుటకు వసతి కలదో, ఏ ఊర సరకులు దొరకునో వ్రాసికొనుచు పోయెను. ప్రయాణమనగా వంటసామగ్రితో కూడిన ప్రయాణమే ఆ కాలమున.

ఈ పాతపద్ధతియే నేడు క్రొత్తరూపమున వచ్చినది. పట్టణవాసులు కుటుంబముతోగూడ వచ్చి, సముద్రతీరమున జాలరిపల్లెలోనో, కొండలనడుమ గిరిజన గూడెములోనో ఒక చిన్న యిల్లు రెండు మూడు దినములకు అద్దెకు తీసికొని, తామే వండుకొని తిని, విశ్రాంతిగొని పోవుచున్నారు. ఇట్టి యింటిని స్వయంపాక విడిది గృహమనవచ్చును. అడ్డతీగల ప్రాంతపు పంచాయతీ సభ్యులు దీనిని గురించి తెలిసికొనవలసిన అవసర మేర్పడినది. ఏలయన ఇందు ఆదాయము కలదు. దానివెంట భూమి చేజారు అపాయమును కలదు.

మన ప్రాంతమునకు ఎవరు వత్తురు?

2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండిన అడ్డతీగల, తూర్పు కనుమల అంచున, ఏలేరు నదీ ప్రాంతమున నున్నది. మద్దిగెడ్డ జలాశయము సమీపముననే కలదు. 1922లో అల్లూరి సీతారామరాజు అనుచరులతో వచ్చి అడ్డతీగల పోలీసు ఠాణాపై దాడిచేసిన సంగతి దేశమంతటను తెలిసినదే. రంపచోడవరము, మారేడుమిల్లి అడవులను, జలపాతములను చూచుటకు మైదాన ప్రాంతములనుండి జనులు వచ్చుచున్నారు. మారేడుమిల్లిలో అటవీశాఖవారు వన సంరక్షణ సమితుల భాగస్వామ్యముతో విడిదులు నడపుచుండుటయు, బాటప్రక్కన వెదురుబొంగులో వండిన కోడికూర అమ్ముకొని పలువురు జీవించుచుండుటయు మన సభ్యులెరిగినదే.

కార్తికమాసమున వనభోజనములకు పోవుట తెలుగువారికి పాత అలవాటు. చెట్టుక్రింద పొయ్యి పెట్టుకొని వండుకొనుటలోని సంతోషమును వారికి క్రొత్తగ నేర్పనక్కరలేదు. ఆ సంతోషమునకు ఒక గట్టి కప్పు, మంచినీరు, మరుగుదొడ్డి, శుభ్రమైన వంటగది చేర్చినచో అదే స్వయంపాక విడిది.

ఇతరులు చేసిన పని

ఈ ఆలోచన మనకొక్కరికే కలిగినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సు దేశపు కొండపల్లెలనుండి రైతులు పట్టణములకు వలసపోవుచుండిరి; ఇండ్లు పాడుపడుచుండెను. అప్పుడు ఎమిల్ ఓబేర్ అను సెనేటు సభ్యుడు పల్లెటూరి పాతయిండ్లను బాగుచేసి, పట్టణములలోని సామాన్య కుటుంబములకు సెలవుదినములలో అద్దెకిచ్చు పద్ధతిని ప్రోత్సహించెను. ఆల్ప్స్ పర్వత ప్రాంతమున 1951లో మొదటి యిల్లు తెరువబడెను. 1955లో ఇట్టి యిండ్ల యజమానులకు దేశవ్యాప్త సమాఖ్య యేర్పడెను. దిగినవారు తామే వండుకొందురు. పాలు, గ్రుడ్లు, కూరలు పొరుగు రైతులవద్ద కొందురు. ఇల్లు మాత్రము రైతుదే.

మన దేశమున లడఖ్ ప్రాంతపు పల్లెలలో అతిథులను ఇండ్లలో దించుకొను పద్ధతి గత ఇరువది సంవత్సరములకు పైగా నడచుచున్నది. అచట అతిథుల నొక్క యింటివారే లాగుకొనకుండ ఇల్లిల్లును వంతులవారీగ దించుకొను కట్టుబాటు చేసికొనిరి. అతిథి వచ్చినప్పుడు ఎవరింటికి పోవలెనని తగవుండదు.

జాలరిపల్లెల విషయములో 2019 నాటి తీర నియంత్రణ మండల ప్రకటన గమనింపదగినది. తీరమున నివసించు మత్స్యకారులు మున్నగు స్థానికులు తమ యిండ్ల పునాది వైశాల్యమును గాని రూపమును గాని మార్చకుండ అతిథులకు బస యీయవచ్చునని అందు చెప్పబడినది. దీని సారాంశమేమి? అతిథి రావచ్చును, కాని జాలరియిల్లు జాలరియిల్లుగనే యుండవలెను. కొండలకును ఈ నీతి వర్తించును.

వండిపెట్టుట కంటె వండుకొననిచ్చుట ఏల మేలు?

అతిథికి మూడుపూటల భోజనము పెట్టు బాధ్యత తీసికొన్నచో ఇంటి ఇల్లాలికి పొలము, అడవి, బిడ్డలు అన్నియు మాని పొయ్యివద్దనే కూర్చుండవలసివచ్చును. ఒకరు మాంసము ముట్టరు. ఒకరు కారము తినలేరు. ఒకరికి బిడ్డపాలు వేళకు కాగవలెను. ఆహారమును అమ్మువారు 2006 నాటి ఆహార భద్రత చట్టముక్రింద నమోదు చేసికొనవలసియుండును. స్వయంపాకములో ఈ చిక్కులు చాలవరకు తొలగిపోవును.

అంతకంటె ముఖ్యమైన లాభము వేరొకటి కలదు. వండుకొనువాడు సరకులు కొనును. బియ్యము ఒక యింట, రాగిపిండి మరొక యింట, కోడి వేరొక యింట, చింతపండు, తేనె, కూరగాయలు సంతలో కొనును. తినుటకు విస్తళ్లు కావలెను. తన పేరులోనే అడ్డతీగను ధరించిన ఊరికి అడ్డాకు విస్తళ్లకు కొదువ యెక్కడిది? ప్లాస్టికు పళ్లెములను ఊరిలోనికి రానీయక, ఆ స్థానమున అడ్డాకు విస్తళ్లను అమ్మినచో ఆ డబ్బు ఆకులు కుట్టు స్త్రీల చేతికే వచ్చును. ఈ విధముగ ఒక యింటికి వచ్చిన అతిథి పది యిండ్లకు ఉపయోగపడును.

లెక్క చూచికొని దిగవలెను

ఉదాహరణకు రెండు గదుల విడిదికి దినమునకు రూ. 1,200 అద్దె అనుకొందము. సంవత్సరములో 50 రాత్రులు అతిథులున్నచో వచ్చునది రూ. 60,000. ఖర్చులు ఇట్లుండవచ్చును: గ్యాసు, విద్యుత్తు, సబ్బు రూ. 9,000, దుప్పట్లు, దోమతెరలు, పాత్రల మార్పు రూ. 8,000, కప్పు, గోడలు, మరుగుదొడ్డి మరమ్మతు రూ. 10,000, ఊడ్చుటకు, ఉతుకుటకు కూలి రూ. 7,000, అద్దెలో పదవ వంతు గ్రామనిధికి రూ. 6,000. మొత్తము రూ. 40,000 పోగా యజమానికి రూ. 20,000 మిగులును. అతిథులు దినమునకు రూ. 400 సరకులు ఊరిలో కొన్నచో మరి రూ. 20,000 ఇతర గృహస్థులకు చేరును.

అయితే 50 రాత్రులకు బదులు 20 రాత్రులే అతిథులు వచ్చిరనుకొందము. వచ్చునది రూ. 24,000. గ్యాసు మొదలగునవి రూ. 3,600కు, కూలి రూ. 2,800కు, గ్రామనిధి రూ. 2,400కు తగ్గును. కాని దుప్పట్ల ఖర్చు, మరమ్మతు తగ్గవు, అవి రూ. 18,000. మొత్తము ఖర్చు రూ. 26,800. అనగా రూ. 2,800 నష్టము. అతిథులు ముఖ్యముగ చలికాలమున వత్తురు. వానకాలమున గెడ్డలు పొంగును. వేసవిలో ఎండ, అడవిమంటల భయము. కావున విడిదియే జీవనాధారమనుకొని పోడును, పొలమును, పశువులను విడుచుట తగదు. వడ్డీవ్యాపారివద్ద అప్పుచేసి ఇల్లు కట్టుట అసలే తగదు. ఇది వ్యవసాయమునకు తోడుగ నుండవలసిన పనియే గాని దానికి మారు కాదు.

పెట్టుబడికి ప్రభుత్వ సహాయమును విచారింపవచ్చును. 2024 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో గిరిజనుల యిండ్లయందు అతిథి వసతులు కల్పించు అంశము చేర్చబడినది. దేశమంతటను వేయి వసతులు లక్ష్యము. క్రొత్తగ రెండు గదులు కట్టుటకు కుటుంబమునకు రూ. 5 లక్షల వరకు, ఉన్న గదులను బాగుచేయుటకు రూ. 3 లక్షల వరకు, గ్రామపు ఉమ్మడి అవసరములకు రూ. 5 లక్షల వరకు సహాయము అందు నిర్ణయింపబడినది. ఎంపిక విషయములను రంపచోడవరములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయమున తెలిసికొనవలెను.

అన్నిటికంటె పెద్ద అపాయము

విడిదికి అనుకూలమైన స్థలములు సామాన్యముగ గెడ్డ ఒడ్డున, రహదారి ప్రక్కన, కొండకనుపించు మెట్టమీద నుండును. అట్టి స్థలముగల గిరిజన రైతువద్దకు ఒకనాడు పైనుండి ఒకరు వచ్చి ఇట్లు చెప్పవచ్చును: "భూమి నీ పేరనే యుండును. పెట్టుబడి నాది. నేను ఇల్లు కట్టి నడపుదును. నీకు ఏటేట ఇంత యిత్తును. ఈ కాగితముపై వ్రేలిముద్ర వేయుము." వినుటకు ఇది మేలుగ తోచును. రైతు చేతికి రొక్కము వచ్చును. రెండు మూడు సంవత్సరములలో ఆ రైతే తన భూమిలో తోటమాలిగ, అతని భార్య గిన్నెలు తోము కూలిగ మారుదురు. దారికి కంచె పడును. పశువులు గెడ్డకు పోవు త్రోవ మూతపడును.

ఇది చట్టవిరుద్ధము. 1959 నాటి ఒకటవ నిబంధన, దానిని సవరించిన 1970 నాటి ఒకటవ నిబంధన ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో స్థిరాస్తిని గిరిజనునికి గాని, గిరిజనులు మాత్రమే సభ్యులుగాగల రిజిస్టరు సహకార సంఘమునకు గాని తప్ప ఇతరులకు బదలీ చేయరాదు. దీనినే జనులు 1/70 చట్టమందురు. బదలీయనగా అమ్మకము మాత్రమే కాదు. తాకట్టు, కౌలు, దానము, మార్పిడి సైతము బదలీలే. గిరిజనేతరుని స్వాధీనములోనున్న భూమి మొదట గిరిజనునిదేయని చట్టము భావించును. కాదని రుజువుచేయు భారము అతనిపై నుండును. అప్పటి విశాఖపట్టణము జిల్లా అనంతగిరి ప్రాంతపు గనుల కౌళ్లపై సమత సంస్థ వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1997 జూలై 11వ తేదీన తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు భూములు కౌలుకీయరాదని స్పష్టము చేసెను.

అతిథి రెండు మూడు రాత్రులు బసచేసి అద్దె చెల్లించి పోవుట వేరు. ఇంటిని, స్థలమును సంవత్సరముల తరబడి ఇతరులకు వ్రాసియిచ్చుట వేరు. మొదటిది ఆతిథ్యము. రెండవది భూమి చేజారుట. కాగితముపై ఏ పేరు పెట్టినను, తాళపుచెవి ఎవరివద్ద నున్నది, అద్దె ఎవరు వసూలు చేయుచున్నారు, లెక్క ఎవరు వ్రాయుచున్నారు అను మూడు ప్రశ్నలు వేసినచో నిజము బయటపడును. అనుమానము కలిగినచో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు అర్జీ పెట్టవలెను.

1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు భూమి అన్యాక్రాంతము కాకుండ ఆపుటకును, చేజారిన భూమిని తిరిగి యిప్పించుటకును, మత్తుపదార్థములను అదుపుచేయుటకును, గ్రామపు సంతలను నిర్వహించుటకును అధికారములు కల్పించినది. మన రాష్ట్రమున దీని నియమములు 2011లో వెలువడెను. ఊరిలో విడిది గృహము రానున్నదని వినగానే గ్రామసభలో ఆ విషయము చర్చకు వచ్చునట్లు చూచుట పంచాయతీ సభ్యుల మొదటి కర్తవ్యము.

ఇల్లు ఎట్లుండవలెను?

మట్టిగోడలు, పెంకుల కప్పు, వసారా కల యిల్లు మన కొండవాతావరణమునకు తగినది. అతిథులు చూడగోరునదియు అదే. వంటగది మాత్రము గడ్డికప్పు క్రింద నుండరాదు. దానిని ప్రత్యేకముగ పెంకు లేక రేకు కప్పుతో కట్టి, రెండుప్రక్కల గాలి వచ్చునట్లు చూడవలెను. గ్యాసుబండను నిలువుగ నుంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన గట్టుమీద పెట్టవలెను. ఒక బక్కెట్టు ఇసుక, ఒక కడవ నీరు ఎల్లప్పుడు సిద్ధముగ నుండవలెను. అతిథులు ఆరుబయట మంట వేసికొనగోరినచో ఊడ్చి శుభ్రపరచిన ఒక్కచోటనే వేయనిచ్చి, నిద్రకు ముందు నీరుపోసి ఆర్పించవలెను. వేసవిలో దానికిని అనుమతి యీయరాదు.

వంటగదిలో అన్నపు గిన్నె, కూర గిన్నెలు, పెనము, గరిటెలు, కత్తిపీట, పాలగిన్నె, నీళ్లబిందె, మూతలు ఉండవలెను. వాని పట్టికను గోడకు వ్రేలాడగట్టి, అతిథి దిగునప్పుడు ఒకసారి, వెడలునప్పుడు ఒకసారి లెక్కచూచినచో మాటపట్టింపు లుండవు.

త్రాగునీరు కాచి చల్లార్చినదై యుండవలెను. మరుగుదొడ్డికి జంటగుంతల పద్ధతి మంచిది. ఒక గుంత నిండిన పిదప దానిని మూసి రెండవదానిని వాడవలెను. మొదటిదానిలోని మలము రెండు సంవత్సరములకు ఎరువుగ మారును. గుంతలు బావికి కనీసము 10 మీటర్ల దూరమున, పల్లపు దిక్కున నుండవలెను. ఇది అతిథికొరకు మాత్రమే కాదు; ఆ బావినీరు త్రాగు మన బిడ్డలకొరకు.

ఏజెన్సీయందు మలేరియా నేటికిని కలదు. ప్రతి మంచమునకు దోమతెర యుండవలెను. నీరు నిలువయుండు చిప్పలు, తొట్లు వారమున కొకసారి బోర్లించవలెను. జ్వరము వచ్చినవారిని ఆలస్యము చేయక రక్తపరీక్షకు పంపవలెను. గెడ్డలలో, జలపాతములక్రింద స్నానము చేయువారికి నీటిలోతు తెలియదు. ఎగువ కొండలలో వాన కురిసినచో ఇచట ఎండగ నున్నను గెడ్డ హఠాత్తుగ పొంగునని తెలియదు. ఈ హెచ్చరికను దిగినవెంటనే నోటితో చెప్పవలెను, బోర్డు చాలదు.

అతిథి మర్యాద, గ్రామ మర్యాద

మన కొండలలో కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు నివసించుచున్నారు. వీరిలో కొండరెడ్లు ప్రత్యేకముగ బలహీనమైన గిరిజన వర్గముగ గుర్తింపబడినవారు. అతిథి చూడవచ్చినది కొండలను, అడవిని. మనుష్యులను వింతజంతువులవలె చూచుటకు కాదు. అనుమతి లేక ఫోటోలు తీయరాదు. పూజాస్థలములకు, పండుగలకు పిలువక పోరాదు. డబ్బిచ్చి ఆటలాడించుట, బిడ్డలకు నాణెములు విసరుట కూడదు. మద్యము విషయమున గ్రామసభ చేసిన కట్టుబాటు అతిథికిని వర్తించును. వచ్చినవారి పేరు, ఊరు, గుర్తింపు కాగితపు వివరము పుస్తకములో వ్రాయవలెను. విదేశీయులు దిగినచో 24 గంటలలోపల అధికారులకు తెలియజేయవలెను.

ఈ ప్రాంతమున ఒకప్పుడు పైనుండి వచ్చినవాడనగా భయముండెడిది. రోడ్లపనికి గిరిజనులను పిలిపించి తగిన కూలి యీయకపోవుట 1922 నాటి తిరుగుబాటునకు కారణములలో నొకటి. నేడు వచ్చువాడు అధికారము చూపుటకు వచ్చుట లేదు. అడిగి, అద్దె చెల్లించి, మన యింట తలదాచుకొనుచున్నాడు. ఇంటివారు యజమానులుగ నుండి "రండి" యనినంతకాలము ఆ గౌరవము నిలుచును.

గ్రామసభ చేయదగిన తీర్మానము

ఈ క్రింది అంశములను స్థానిక పరిస్థితులకు తగినట్లు మార్చి గ్రామసభ ముందుంచవచ్చును.

1. విడిది గృహము ఆ గ్రామ గిరిజన కుటుంబముదిగ గాని, గిరిజన స్త్రీల సంఘముదిగ గాని ఉండవలెను. తాళపుచెవి, లెక్కల పుస్తకము వారివద్దనే యుండవలెను.

2. ఒక గ్రామమున ఎన్ని విడుదు లుండవచ్చునో నీటి వసతిని బట్టి గ్రామసభయే నిర్ణయింపవలెను.

3. ఒకటికంటె హెచ్చు విడుదులున్నచో అతిథులను వంతులవారీగ పంపవలెను.

4. అద్దెలో పదవ వంతు గ్రామనిధికి చేరవలెను. ఆ నిధిని మొదట బావి, దారి, చెత్తగుంతలకు వినియోగించి, ఖర్చును గ్రామసభలో చదివి వినిపింపవలెను.

5. సరకుల ధరల పట్టికను స్త్రీల సంఘము ఋతువున కొకసారి సవరించి విడిదిలో ఉంచవలెను.

6. ప్లాస్టికు చెత్తను అతిథులే వెంట తీసికొనిపోవలెను.

7. అడవి హద్దులలో కట్టడము, గెడ్డకు అడ్డముగ కంచె, పశువుల దారి మూయుట నిషిద్ధము.

8. విడిది విషయమున బయటివారితో ఏ ఒప్పందమైనను వ్రాసికొనుటకు ముందు దానిని గ్రామసభలో తెలుగున చదివి వినిపింపవలెను.

ఈ ఎనిమిదింటిలో చివరిది మిక్కిలి ముఖ్యము. చదువరాని రైతు వ్రేలిముద్ర వేయుటకు ముందు ఊరందరి యెదుట ఆ కాగితము చదువబడినచో అనేక కష్టములు పుట్టకమునుపే అణగిపోవును. ఇందుకు ఖర్చేమియు లేదు. పంచాయతీ సభ్యుని శ్రద్ధయొక్కటియే కావలెను.

అతిథి మూడు దినములుండి పోవును. బావి, గెడ్డ, భూమి మన బిడ్డలకు నిలువవలెను. అతిథికి పొయ్యి, పాత్రలు, నీడ యిత్తుము. ఇల్లు మాత్రము మనదిగనే యుంచుకొందుము. ఈ కట్టుబాటు గట్టిగ నున్న గ్రామమునకు స్వయంపాక విడిది మేలు చేయును.